మూడో పాదం ముందు

మోసపోయానని చెప్పుకుంటూ కొన్నేళ్ళు బతికాను. అందులో ఒక సుఖం ఉంది. మనం మోసపోయామంటే అందరూ జాలిగా చూస్తారు, కూర్చోబెట్టి టీ ఇస్తారు, మన తరఫున ఎదుటివాణ్ణి తిడతారు. ఆ టీలన్నీ తాగాను. ఆ తిట్లన్నీ తల ఊపుతూ విన్నాను. తిట్లు తినవలసిన మనిషి ఎదురుగా కూర్చునే ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నాకు తెలియదు. తెలిసినవాళ్ళ ముందు ఎన్నోసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ నోట్లోంచి వచ్చింది ఆ పాత కథే, జర్మన్ గాయకుడు నన్ను ముంచిన కథ.

కరోనా రోజుల్లో మీరు జర్మనీలో ఉండుంటే ఆ పాట మీ చెవిన పడే ఉంటుంది. రేడియోలో వేశారు. సూపర్‌మార్కెట్‌లో మాస్కులు పెట్టుకుని దూరందూరంగా నిలబడ్డ మనుషుల మీద నుంచి వేశారు. కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన గిటారు పట్టుకుని, గనిలోకి దిగిన తండ్రి కోసం ఇంట్లో దీపం పెట్టి కూర్చున్న పిల్లవాడి గురించి జర్మన్‌లో పాడతాడు. వెనక ఫిడేలు. ఆ ఫిడేలు నాది.

ఆయన పేరు హోల్గర్ అనుకోండి. మేము ఫ్రైబర్గ్‌లో అద్దెకున్న ఇంట్లో కింది వాటా ఆయనదే. ఫ్రైబర్గ్ పాత గనుల ఊరు, సాక్సనీలో. అమెరికా పల్లెల్లో పుట్టిన ఈ కంట్రీ పాటలకి ఆ కొండల్లో ఇంత పిచ్చి ఉందని అక్కడికి చదువుకోవడానికి వెళ్ళాకే తెలిసింది. వేసవి వస్తే తోలు బూట్లు, టోపీలు, గుడారాలు, బీరు. హోల్గర్ ముప్ఫై ఏళ్ళుగా ఆ గుడారాల్లో పాడుతున్నాడు. ఊళ్ళోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. కరోనా వచ్చి గుడారాలు మూతబడ్డాయి. ఇంటి కింద సెల్లార్‌లో ఆయనకో చిన్న రికార్డింగ్ గది ఉంది. దాని పక్కనే వాష్‌కూషె, అంటే ఇంట్లో అందరూ వంతులవారీగా బట్టలు ఉతుక్కునే గది. ఈ రెండు గదుల మధ్య గోడ గుర్తుంచుకోండి. నా అబద్ధం ఆ గోడకే తగిలించాను.

పై వాటాలో నేనూ రజితా ఉండేవాళ్ళం. నాది విజయవాడ, మెటీరియల్స్ చదువు. రజితది మందమర్రి, మైనింగ్. వాళ్ళ నాన్న బొగ్గుబాయిలో పని చేసేవాడు. రజిత నాకంటే రెండేళ్ళు చిన్న, అక్కా అనేది. తనది పాత ఫోన్, దాని కెమెరా పాడైపోయింది, అందుకని ఇంటికి వీడియో కాల్ నా ఫోన్ నుంచే చేసేది. అలా వాళ్ళ నాన్న నంబరు నా ఫోన్లోకి వచ్చింది. ఆయన నన్ను బిడ్డా అని పిలిచేవాడు. ఇదీ గుర్తుంచుకోండి.

కరోనా మొదటి వసంతంలో రజిత ఒక పాట కట్టింది. వాళ్ళ నాన్న ఆ ఎండాకాలంలోనే రిటైరవ్వాలి. గని కాలనీల్లో ఆఖరి షిఫ్టు చేసి పైకి వచ్చినవాడికి తోటివాళ్ళు దండలు వేసి, డప్పులు కొట్టుకుంటూ ఇంటిదాకా తీసుకొస్తారట. ఆ రోజు గుమ్మంలో నిలబడి పాడదామని కట్టుకుంది. రోజూ సాయంత్రం గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ సాగదీసుకునేది. ఒక్కో ముక్కా నా ముందే తయారైంది.

బాయిల దిగిన దీపమా
బయటికెప్పుడు వస్తవే
పొయ్యి మీద బువ్వ ఉంది
పొద్దు నీతో తెస్తవే

రెండు పాదాలు పాడి ఆగేది. మామూలు ఆగడం కాదు, తాళం తప్పిందేమో అనిపించేంత సేపు. తర్వాత మూడో పాదం మెల్లగా, అడుగు స్వరం నుంచి ఎత్తుకునేది. నేను చిన్నప్పటి నుంచి ఫిడేలు నేర్చుకున్నదాన్ని కదా, అక్కడ సరిచేసుకోవాలని చెప్పాను. నవ్వింది.

"అది తప్పు గాదక్కా. బాపు డ్యూటీ దిగి వచ్చినంక గడపల ఒక్క తీరుగ ఆగుతడు. ఊపిరి తీసుకుని లోపలికొస్తడు. గా ఆగుడే గిది."

విమానాలు ఆగిపోయాయి. డప్పులు లేవు, దండలు లేవు. వాళ్ళ నాన్న ముఖానికి కండువా కట్టుకుని ఆఖరి షిఫ్టు దిగి, టోపీ లైటు అప్పజెప్పి ఒక్కడే ఇంటికి నడిచొచ్చాడు. ఫోన్లో పాడవే అన్నాను. పాడనంది. ఎదురుగా కూర్చునే పాడతానంది. అప్పటిదాకా ఎవరికీ వినిపించొద్దని నన్ను అడిగింది. సరేనన్నాను. అంత చిన్న మాట అది.

చలికాలానికి రజిత ఇంటర్న్‌షిప్ దొరికి ష్వైన్‌ఫర్ట్ వెళ్ళింది. అదే చలికాలం చెక్ సరిహద్దు మూసేశారు. హోల్గర్‌కి ఎప్పుడూ ఫిడేలు వాయించే మనిషి సరిహద్దుకి అవతలి ఊళ్ళో ఉంటాడు. ఆల్బమ్ సగంలో ఉంది, ఫిడేలు లేదు. మేడ మీద నా సాధన ఆయన ఎప్పుడో విన్నాడు. మెట్ల మీద ఎదురై, మాస్కు వెనక నుంచి మొహమాటంగా అడిగాడు.

ఆ నెలలు నాకు ఎంత బాగున్నాయో చెప్పకుండా దాటేస్తే అది మరో అబద్ధం అవుతుంది. మధ్యాహ్నాలు కిందికి వెళ్ళేదాన్ని. మన పద్ధతిలో నేల మీద కూర్చుని, ఫిడేలు పాదానికి ఆనించి వాయిస్తుంటే ఆయన వింతగా చూసి, మర్నాడు నా కోసం దళసరి దుప్పటి పరిచిపెట్టాడు. కిటికీలు తెరిచి, ఓవర్‌కోట్లు వేసుకుని రికార్డు చేసేవాళ్ళం. ఆ ఊళ్ళో అప్పటిదాకా నేను ఎవరికీ పనికొచ్చినదాన్ని కాదు. వీసా కాగితాల్లో ఒక ఫోటోని, ఆన్‌లైన్ తరగతిలో ఒక నల్లటి స్క్రీన్‌ని. కింద ఆ గదిలో మాత్రం నేను విల్లు ఎత్తితే ఒక మనిషి కళ్ళు మూసుకునేవాడు.

ఒకరోజు ఆయన ఆల్బమ్‌కి ఇంకో పాట కావాలన్నాడు. మీ వైపు పాట ఏదైనా వాయించు అన్నాడు. నాకు ఎన్ని కీర్తనలు వచ్చు? ఎన్ని వర్ణాలు? చెయ్యి రజిత పాట మీదకి ఎందుకు వెళ్ళింది? ఏళ్ళుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను. చేతికి అలవాటైంది అందుకే అని కొన్నాళ్ళు చెప్పుకున్నాను. కాదు. ఆ పాట ఎవరినైనా కదిలిస్తుందని నాకు తెలుసు. ఆయన్ని కదిలించడం నాకు కావాలి.

కదిలాడు. వాయించడం అయ్యాక గిటారు పక్కన పెట్టి, ఇది దేని గురించి అని అడిగాడు. గనిలోకి దిగినవాడి కోసం ఇంట్లో ఎదురుచూసే పాట అని చెప్పాను. వాళ్ళ నాన్న కూడా గనిలో పని చేశాడట. గనులు మూసేశాక బతికిన నాలుగేళ్ళూ కిటికీ దగ్గరే కూర్చున్నాడట. మళ్ళీ వాయించమన్నాడు. ఆ ఆగుడు దగ్గర చెయ్యి ఎత్తి, అక్కడ, అక్కడే, అన్నాడు. జర్మన్ మాటలు తనే రాసుకున్నాడు కానీ, మైకు ముందు ఆ ఆగుడిని ఒక్క వీసం కూడా తగ్గించనివ్వలేదు.

తర్వాత అడిగాడు. ఇది ఎవరి పాట, పేరు వేయాలి కదా, అని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా టీచరుగారి దగ్గర ఒక నియమం ఉండేది. కచేరీలో కానీ, ఇంట్లో నలుగురి ముందు కానీ, ముందు రాగం చెప్పాలి, తాళం చెప్పాలి, రచన ఎవరిదో చెప్పాలి. ఆ మూడూ చెప్పకుండా విల్లు ఎత్తితే వేళ్ళ మీద చరిచేవారు. ఏడేళ్ళ వయసు నుంచీ కర్త పేరు చెప్పకుండా నేను ఒక్క పాట వాయించలేదు. అలాంటిదాన్ని, ఆ పాట కట్టిన మనిషి మొన్నటిదాకా నా పక్క గదిలో పడుకున్న మనిషి అయితే, నోరు తెరిచి ఏమన్నానో తెలుసా? జానపదం అన్నాను. మా వైపు పల్లెపాట, ఎవరూ రాసింది కాదు, అలా వచ్చిందే, అన్నాను.

ఎందుకన్నాను? రజిత పేరు చెబితే ఆయన రజితతో మాట్లాడాలంటాడు. రజిత వద్దంటుంది. పాట పోతుంది, ఆ గదిలో నా చోటూ పోతుంది. ఇది ఒక కారణం. దీని కింద ఇంకోటి ఉంది, దాన్ని బయటికి తీయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. రజిత కట్టింది రచన అని నాకు లోపల అనిపించలేదు. స్వరం రాయడం రాని పిల్ల, గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది. దానికి కర్త ఏమిటి? మా కీర్తనలకి కర్తలుంటారు. వాళ్ళ పాటలు ఊరికే మొలుస్తాయి. అంత చదివీ నా బుర్రలో ఉన్నది ఇదీ.

హోల్గర్ నమ్మాడు. నమ్మకపోవడానికి కారణం ఏముంది?

ఆల్బమ్ ఎండాకాలం మొదట్లో వచ్చింది. దానికి ఆ పాట పేరే పెట్టారు. ఎవరూ ఊహించలేదు, ఆయన కూడా. ముప్ఫై ఏళ్ళు బీరు గుడారాల్లో పాడినవాడు దేశమంతటికీ తెలిశాడు. జనం ఎందుకు కొన్నారంటే, ఆ రెండేళ్ళలో ఎవరు ఎవరి కోసం ఎదురుచూడలేదు? ఆస్పత్రికి వెళ్ళినవాడి కోసం, సరిహద్దు అవతల ఉండిపోయినవాడి కోసం. ఆ ఆగుడు దగ్గర కార్లు పక్కకి ఆపి ఏడ్చామని ఆయనకి ఉత్తరాలు వచ్చాయి.

పాట వచ్చిన రోజే ఫోన్లో ఉన్న అందరికీ లింకు పంపాను. నేను ఫిడేలు వాయించిన జర్మన్ పాట వినండి అని రాసి, ఒక్కో పేరు పక్కనా గుర్తు పెట్టుకుంటూ పోయాను. రజిత వాళ్ళ నాన్న పేరు వచ్చింది. చూడలేదా? చూశాను. ఆగానా? ఒక్క క్షణం ఆగాను. ఆయనకి పాట తెలియదు కదా, రజిత ఇంకా పాడలేదు కదా, ఏమీ కాదు, అనుకున్నాను. అందరి పేర్ల పక్కనా పెట్టిన గుర్తే ఆయన పేరు పక్కనా పెట్టాను. మెచ్చుకునేవాళ్ళలో ఒక్కరు తగ్గినా ఓర్చుకోలేని ఆకలి అది. రజిత పేరు మాత్రం దాటేశాను. పనికీ గదికీ మధ్య తిరిగే పిల్ల, జర్మన్ రేడియో పెట్టదు, తన చెవిన పడదులే అనుకున్నాను, పడలేదు కూడా.

సాయంత్రానికి ఆయన దగ్గర నుంచి మాట రికార్డు చేసిన మెసేజ్ వచ్చింది.

"మస్తుగున్నది బిడ్డా. భాష సమజ్ కాలేదు గని కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. మా రజితకు గూడ జర నేర్పు."

అది విని నేను ఏం చేయాలి? చెరిపేశాను.

ఆ తర్వాత వారానికి సీడీ చేతికొచ్చింది. లోపల చిన్న పుస్తకంలో సంగీతకారుల పేర్లలో నా పేరు లేదు. హోల్గర్ మాట ఇచ్చాడు, పేరు వేస్తానని. లేదు. నేను ఎంత కుమిలిపోయానో మీకు చెప్పలేను. అదంతా నటన కాదు, నిజంగానే గుండె మండింది. చలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే వాయించాను, నన్ను ఎంత తేలిగ్గా తుడిచేశారు అని. స్నేహితులకి ఫోన్లు చేసి ఏడ్చాను. పేరు తీసేస్తే ఎలా ఉంటుందో అంత బాగా తెలిసి కూడా, నేను తీసేసిన పేరు ఒక్కసారైనా గుర్తుకు రాలేదా అని అడగకండి. వచ్చింది. వచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా ఏడ్చాను, అంతే.

సంవత్సరం చివర రజితకి టికెట్ దొరికింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి ఇంటికి. వెళ్ళేటప్పుడు నాతో ఫోన్లో ఎంతో సంతోషంగా మాట్లాడింది. తిరిగి నేరుగా ఫ్రైబర్గ్ వచ్చింది. పెట్టె గుమ్మంలోనే ఉంది. కోటు విప్పలేదు. వంటింట్లో కుర్చీలో కూర్చుంది.

"అక్కా, బాపుకు పాడిన. రెండు వరుసలు పాడి ఆగిన. ఆగంగనే బాపే అందుకుండు. మూడోది తను రాగం తీసిండు. ఎట్ల తెలుసు బాపూ అన్న. గిది నీ దోస్తు పంపిన జర్మనోళ్ళ పాటనే గద బిడ్డా, తెలుగుల మంచిగనే రాసినవ్, అన్నడు."

నేను బల్ల మీది గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

"నాదే అని చెప్పిన. నవ్విండు. ఎవలదైతేంది తియ్ బిడ్డా, మంచిగున్నది, అన్నడు. నువ్ వాయించినవ్ గదక్కా. నా పాటని నీకు ఎర్కలేదా?"

అది సమయం. అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. నా నోటి వరకూ వచ్చింది. రజిత ముఖంలో నా మీద కోపం లేదు. నన్ను అడుగుతోందే కానీ అనుమానించడం లేదు. ఆ నమ్మకాన్ని చూసే నాకు ధైర్యం వచ్చింది, అబద్ధం ఆడడానికి.

"తెలిసింది రజితా. హోల్గర్‌ని అడిగాను కూడా. ఎక్కడో విన్నానన్నాడు. నువ్వు వాష్‌కూషెలో పాడుకునేదానివి కదా, గోడవతలే కదా ఆయన గది. అక్కడే విని ఉంటాడు. నీకు చెబితే బాధపడతావని ఊరుకున్నాను. అయినా నా సంగతి చూడు, వాయించినదాన్ని, నా పేరే వేయలేదు. నన్నూ ముంచాడు కదా."

రజిత లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మనిద్దర్నీ ముంచిండక్కా," అంది.

ఆ తర్వాత టీ పెట్టింది. ప్రయాణం చేసి వచ్చినది తను, టీ పెట్టి ఇచ్చింది నాకు.

కిందికి వెళ్ళి అడుగుతానంది. నేను ఆపాను. ఆయన ఇప్పుడు పెద్దవాడు, లాయర్లుంటారు, మనకి వీసా పొడిగింపు అపాయింట్‌మెంట్ దగ్గరలో ఉంది, ఎందుకొచ్చిన గొడవ, అన్నాను. ఆగిపోయింది. ఆ రోజు నుంచి హోల్గర్ మెట్ల మీద పలకరిస్తే ముఖం తిప్పుకునేది. మీ స్నేహితురాలికి నా మీద కోపమా అని ఆయన నన్ను అడిగాడు. ఇంటి మీద బెంగ అని చెప్పాను. ఒక్క మాటతో దొంగని చేసిన మనిషికి, ఇంకో మాటతో సర్దిచెప్పాను.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. కొన్నాళ్ళకి హోల్గర్ కేకు చేత పట్టుకుని పైకి వచ్చాడు. రజిత ఇంట్లో లేదు. ముద్రించేవాళ్ళ పొరపాటట, ఆయనకి ఆలస్యంగా తెలిసిందట, రెండోసారి వేసిన సీడీలో నా పేరు పెట్టించాడు. తెరిచి చూపించాడు. నిజమే, నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. దానికి పైన బాణీ అన్న చోట, భారతీయ జానపదం. ఆయన కళ్ళలో నీళ్ళు, క్షమించమన్నాడు. క్షమించాను. ఆయన వెళ్ళాక ఆ సీడీని శీతాకాలపు బట్టల కింద దాచాను. మోసపోయిన కథ ఆపలేదు. అది ఆపేస్తే రజిత పక్కన కూర్చోవడానికి నాకు ఏ చోటూ ఉండదు కదా.

రజిత పాడడం మానేసింది. ముందు వాష్‌కూషెలో మానేసింది, తర్వాత వంటింట్లో, తర్వాత అసలే. ఒకసారి నేనే అడిగాను, ఏదైనా పాడవే అని. "వద్దక్కా, నా నోరే నాకు పగైంది. సప్పుడు జేయకుంట ఉతుక్కుంటే ఏమైతుండె," అంది. తన గొంతుదే తప్పనుకుంది. బట్టలు ఉతుకుతూ పాడుకున్నందుకు తనని తానే శిక్షించుకుంటోంది. నేను పక్కనే కూర్చుని దుప్పటి మడతపెడుతున్నాను.

ఇప్పుడు నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రజిత వేరే ఊళ్ళో ఉంది. పండగలకి మెసేజ్ పెడుతుంది, అక్కా బాగున్నవా అని. వాళ్ళ నాన్న ఇంకా ఆ పాట వింటాడట, ఫోన్లో, జర్మన్‌దే. నా ఫిడేలు పెట్టెలోనే ఉంది. తీగలు వదులు చేసి పెట్టాను.

ఆ గోడ గురించి ఇప్పటికైనా చెప్పాలి. నేను ఆ సెల్లార్ గదిలో నెలల తరబడి కూర్చున్నాను. పక్క గదిలో మిషన్ తిరిగినా ఇవతలికి వినపడదు. రికార్డింగ్ కోసం హోల్గర్ ఆ గోడకి దళసరి పరుపులు కొట్టించాడు. రజిత అక్కడ గొంతెత్తి పాడినా ఎవరూ విని ఉండరు. ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి నిలబడి ఉంటే రజితకి తెలిసిపోయేది. వెళ్ళకుండా ఆపింది నేను.

ఇది రాసినంత మాత్రాన ఏదీ సర్దుకోదు. వాళ్ళ నాన్న గుమ్మంలో ఆ పాట మొదటిసారి వినడం అనేది ఇక జరగదు. దాన్ని నేను ఎవరి దగ్గర నుంచీ తెచ్చి ఇవ్వలేను. రజిత నన్ను క్షమించాలని అడగడానికి కూడా నోరు లేదు, అడగను. హోల్గర్‌కి కూడా రాయాలి. ఈ మాటలు బయట పడ్డాక మాత్రం, ఇన్నేళ్ళలో మొదటిసారి, గుండె మీద చెయ్యి వేసుకుంటే కింద చప్పుడు నాదేనని తెలుస్తోంది.

ఇందులో పేర్లన్నీ మార్చాను, ఒక్కటి తప్ప. ఒకసారి తీసేసిన పేరుని మళ్ళీ మార్చే హక్కు నాకు లేదు. ఆమె ఇది చదువుతుంది. చదవాలనే అలా వదిలాను. టీచరుగారు చెప్పమన్నవి మూడూ చెప్పి ముగిస్తాను.

రాగం, నాకు తెలియదు. తాళం, షిఫ్టు దిగి ఇంటికొస్తున్న మనిషి నడక. రచన, బాణీ, మందమర్రి రజిత. మూడో పాదం ముందు ఆ ఆగుడు కూడా ఆమెదే.